కోడింగ్ రాదు, మ్యాథ్స్ పర్వాలేదు: కంప్యూటింగ్ డిగ్రీలో సీటుకి ఇది చాలా?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. స్కూల్లో కంప్యూటర్ సైన్స్ సబ్జెక్టుగా చదవలేదు, కోడింగ్ రాదు. ఇంటర్ మ్యాథ్స్‌లో మార్కులు బాగానే వస్తాయి కానీ క్లాసులో మొదటి వరసలో లేరు. అప్లికేషన్లకి ఇంకా ఏడాదిన్నర ఉంది, ఏ దేశం అన్నది తేల్చుకోలేదు. ఈలోగా పైథాన్, జావా సర్టిఫికెట్లు చేసి పెట్టుకోకపోతే యూనివర్సిటీలు పక్కన పెట్టేస్తాయేమో అని టెన్షన్. మ్యాథ్స్ మీద ఎంత కష్టపడ్డా అనుకున్నంత రాకపోతే ఏమిటన్నది ఇంకో ప్రశ్న.

నేను కంప్యూటింగ్ విభాగంలో చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను, అప్లికేషన్లు చదివే పనీ చేశాను. సూటిగా చెప్తాను. కోడింగ్ రాకపోవడం వల్ల మీకు దాదాపు ఏ నష్టమూ లేదు. మ్యాథ్స్ "పర్వాలేదు" దగ్గర ఆగిపోతే మాత్రం చాలా తలుపులు మూసుకుంటాయి, తెరుచుకున్న చోట కూడా మొదటి ఏడాది గట్టెక్కడం కష్టమవుతుంది. మీ ఏడాదిన్నరలో ఎక్కువ భాగం మ్యాథ్స్‌కి ఇవ్వండి.

కారణం చెప్పకుండా ఈ సలహా ఇస్తే మీరు నమ్మరు, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. ఏ యూనివర్సిటీ అయినా అర్హతల్లో ఏం అడుగుతుందో చూస్తే మొదటి ఏడాదిలో ఏం చెబుతారో తెలిసిపోతుంది. కేంబ్రిడ్జ్ కంప్యూటర్ సైన్స్‌కి ఏ-లెవెల్ (బ్రిటన్ స్కూల్ చివరి పరీక్షలు) మ్యాథ్స్ తప్పనిసరి, ముందే ప్రోగ్రామింగ్ వచ్చి ఉండాలన్న షరతు లేదు. లోపలికి వెళ్లాక మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు ఓకామెల్ అనే భాషలో చెబుతారు. లండన్‌లో ఇంపీరియల్ కాలేజీలో కంప్యూటింగ్ విద్యార్థులు హాస్కెల్ అనే భాషతో మొదలుపెడతారు. ఈ రెండూ స్కూల్లో పైథాన్ నేర్చుకున్నవాడికి కూడా కొత్తగానే ఉంటాయి, ఎందుకంటే వీటిలో ఆలోచించే తీరు లెక్కల్లో ఫంక్షన్లకి దగ్గరగా ఉంటుంది. కోడింగ్ వచ్చినవాళ్లూ రానివాళ్లూ మొదటి వారంలో ఇంచుమించు ఒకే గీత మీద నిలబడతారు. తర్కం, సెట్లు, లెక్కింపు లాంటివి చెప్పే డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ క్లాసులో మాత్రం, నిరూపణ అంటే ఏమిటో తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య దూరం మొదటి రోజే కనిపిస్తుంది. కెనడాలో వాటర్లూ యూనివర్సిటీ సంగతి ఇంకా స్పష్టం. అక్కడ కంప్యూటర్ సైన్స్ విభాగం ఇంజినీరింగ్‌లో ఉండదు, మ్యాథమెటిక్స్ ఫ్యాకల్టీలో ఉంటుంది. అక్కడికి అప్లై చేసేవాళ్లని యూక్లిడ్ అనే లెక్కల పోటీ రాయమని ప్రోత్సహిస్తారు: రెండున్నర గంటలు, పది ప్రశ్నలు, చాలావాటికి జవాబుతో పాటు దాన్ని ఎలా సాధించారో కూడా రాయాలి.

"మంచి మ్యాథ్స్" అంటే మనవాళ్లలో చాలామంది ఫార్ములాలు బట్టీపట్టి నిమిషానికో లెక్క చేసేయడం అనుకుంటారు. ఆ వేగం కొన్ని ఎంట్రెన్సుల్లో పనికొస్తుంది, కాదనను. కానీ కంప్యూటింగ్‌కి కావలసిన లెక్కల బుద్ధి వేరే రకం. ఒక చిన్న ఉదాహరణ చూడండి. బోర్డు మీద 1 నుంచి 10 వరకు సంఖ్యలు రాశాం. ఏవైనా రెండింటిని చెరిపేసి, పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే వచ్చేదాన్ని వాటి స్థానంలో రాయాలి. ఒక్కటే సంఖ్య మిగిలేదాకా ఇలా చేస్తూ పోవాలి. చివరికి మిగిలేది సరి సంఖ్యా, బేసి సంఖ్యా? ఏ రెండింటిని ఎప్పుడు చెరపాలో మీ ఇష్టం కాబట్టి, జవాబు మన ఎంపిక మీద ఆధారపడుతుందని మొదట అనిపిస్తుంది. కానీ మొత్తం కూడి చూడండి, 55, బేసి. రెండు సంఖ్యల మొత్తం సరి అయితే వాటి తేడా కూడా సరే, మొత్తం బేసి అయితే తేడా కూడా బేసే. కాబట్టి ప్రతి అడుగులోనూ బోర్డు మీదున్న మొత్తం బేసిగానే ఉండిపోతుంది, చివరి సంఖ్య ఎప్పుడూ బేసే. ఇందులో ఫార్ములా లేదు, ఇంటర్ దాటిన లెక్కేమీ లేదు. "ఏం చేసినా మారనిది ఏమిటి" అని అడగడం ఒక్కటే ఉంది. ప్రోగ్రాములో ఒక లూప్ (అదే పనిని మళ్లీ మళ్లీ చేసే భాగం) సరిగ్గా పనిచేస్తుందని నిరూపించేటప్పుడు మేం చేసేది సరిగ్గా ఇదే, దాన్ని ఇన్వేరియంట్ అంటాం. ఇంటర్వ్యూలు పెట్టే యూనివర్సిటీలు ఈ జాతి ప్రశ్నలే అడుగుతాయి, జవాబు కన్నా మీరు పైకి ఎలా ఆలోచిస్తున్నారో వింటాయి. తప్పుదారిలో వెళ్లి, మీ అంతట మీరే పట్టుకుని వెనక్కి వచ్చినా మంచి అభిప్రాయమే కలుగుతుంది. నోరు విప్పకుండా కూర్చుంటే మాత్రం వాళ్లకి అంచనా వేయడానికి ఏమీ దొరకదు.

బ్రిటన్‌లో టీఎంయూఏ అనే లెక్కల ప్రవేశ పరీక్ష ఉంది, కేంబ్రిడ్జ్, ఇంపీరియల్ కంప్యూటింగ్‌కి దాన్ని అడుగుతున్నాయి. రెండు పేపర్లు, ఒక్కోటి 75 నిమిషాలు, ఒక్కోదానిలో 20 ప్రశ్నలు, క్యాలిక్యులేటర్ ఉండదు, తప్పు జవాబుకి మార్కు కోత లేదు. స్కోరు 1.0 నుంచి 9.0 వరకు. రెండో పేపర్ మొత్తం తర్కం మీదే నడుస్తుంది: "ఈ వాదనలో తప్పు ఏ లైన్లో వచ్చింది", "ఇది నిజమవ్వాలంటే అది అవసరమా, లేక అది ఉంటే సరిపోతుందా" అనే తరహా. బ్రిటన్ వెళ్లే ఉద్దేశం లేకపోయినా పాత పేపర్లు తెచ్చుకుని రెండో పేపర్ ప్రాక్టీస్ చేయండి. కంప్యూటింగ్‌లోకి రాబోయే వాళ్లకి ఇంతకన్నా మంచి వార్మప్ నాకు తెలియదు.

ఇక ఏ మ్యాథ్స్ అన్నది. ఇక్కడ చాలామంది తెలియక దెబ్బతింటారు. సిలబస్‌లో మ్యాథ్స్ అనే మాట ఉంటే చాలనుకుంటారు. ఐబీ అనే అంతర్జాతీయ స్కూల్ సిలబస్‌లో మ్యాథ్స్ రెండు రకాలు, ఎనాలిసిస్ అండ్ అప్రోచెస్ ఒకటి, అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్ ఇంకొకటి, రెండింటిలోనూ స్టాండర్డ్ లెవెల్, హయ్యర్ లెవెల్ ఉంటాయి. గట్టి కంప్యూటర్ సైన్స్ కోర్సులు చాలావరకు మొదటిదాన్ని హయ్యర్ లెవెల్లో అడుగుతాయి. తేలిక అని రెండోది స్టాండర్డ్ లెవెల్లో తీసుకుంటే, పదిహేడో ఏట తీసుకున్న ఆ నిర్ణయం వల్ల పద్దెనిమిదో ఏట అప్లై చేయడానికే వీల్లేని కోర్సులు బోలెడు ఉంటాయి. ఏ-లెవెల్ చదివేవాళ్లు మీ స్కూల్లో ఫర్దర్ మ్యాథ్స్ (మామూలు మ్యాథ్స్‌కి పైన ఇంకో సబ్జెక్టు) ఉంటే వదలకండి, తప్పనిసరి అని రాయని చోట కూడా ఆక్స్‌ఫర్డ్ లాంటివి దాన్ని గట్టిగా సిఫార్సు చేస్తాయి. ఇంటర్ ఎంపీసీ, సీబీఎస్ఈ పన్నెండో తరగతి మ్యాథ్స్ చదివేవాళ్లకి ఈ ఎంపిక గొడవ లేదు, కానీ కాలిక్యులస్, ప్రాబబిలిటీ, మాట్రిసెస్ ఈ మూడూ పరీక్ష అయిపోయాక మర్చిపోయే రకంగా చదవకండి. మెషిన్ లెర్నింగ్ అని ఇప్పుడు అందరూ పరిగెడుతున్నది ఈ మూడింటి మీదే నిలబడి ఉంది.

డిగ్రీ పేరు కూడా చూసుకోవాలి. "కంప్యూటింగ్" అనేది ఒక గొడుగు. 2005లో ఏసీఎం, ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ లాంటి కంప్యూటింగ్ నిపుణుల సంఘాలు కలిసి తెచ్చిన పాఠ్యప్రణాళిక నివేదిక దీన్ని ఐదు పాయలుగా విడదీసింది: కంప్యూటర్ సైన్స్, కంప్యూటర్ ఇంజినీరింగ్, సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ. 2020 నాటి నివేదికలో సైబర్ సెక్యూరిటీ, డేటా సైన్స్ కూడా చేరాయి. అర్హతలు వీటిని బట్టి మారుతాయి. కంప్యూటర్ ఇంజినీరింగ్‌లో సర్క్యూట్లు ఉంటాయి కాబట్టి ఫిజిక్స్ అడగడం మామూలు. ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్‌లో వ్యాపార సంస్థల పనితీరు ఎక్కువ, అందుకని మ్యాథ్స్ షరతు తరచూ సడలుతుంది. ఒకే యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కి చాలని మార్కులు పక్క కోర్సుకి సరిపోవచ్చు. పేరు దగ్గరగా ఉంది కదా అని చేరిపోకండి, మొదటి రెండేళ్ల సబ్జెక్టుల జాబితా తెరిచి చదవండి. ఆల్గోరిథమ్స్, డిస్క్రీట్ మ్యాథ్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేసులు వీటిలో ఏవి తప్పనిసరి, ఏవి ఐచ్ఛికం అన్నది చూస్తే ఆ డిగ్రీ అసలు స్వభావం తెలుస్తుంది.

దేశాల వారీగా అన్నీ చెప్పడం కుదరదు కానీ, ఎంపిక చేసే పద్ధతుల్లో ఉన్న తేడా తెలియాలి, ఎందుకంటే మీ టైము ఎక్కడ ఖర్చుపెట్టాలో దాన్నిబట్టే తేలుతుంది.

మన దేశంలో ర్యాంకు చుట్టూనే అంతా తిరుగుతుంది. జేఈఈ మెయిన్‌లో బీటెక్ పేపర్‌కి 75 ప్రశ్నలు, 300 మార్కులు, మ్యాథ్స్ వాటా మూడో వంతు. తెలుగు రాష్ట్రాల ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపర్లో 160 ప్రశ్నల్లో 80 మ్యాథ్సే, అంటే సగం. ఎన్ఐటీలు, ట్రిపుల్ ఐటీల్లో జేఈఈ ర్యాంకుతో పాటు పన్నెండో తరగతిలో 75 శాతం ఉండాలి, లేదా మీ బోర్డులో మొదటి 20 పర్సంటైల్‌లో ఉండాలి, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి 65 శాతం. ర్యాంకు వచ్చాక ఈ షరతు దగ్గర ఆగిపోయేవాళ్లు ఉంటారు, బోర్డు పరీక్షల్ని లైట్ తీసుకోకండి. కొన్ని చోట్ల పద్ధతి వేరు: హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పెట్టే యూజీఈఈ పరీక్షలో పరిశోధన వైపు మొగ్గు, ఆలోచించే తీరు చూసే ప్రత్యేక విభాగం ఉంటుంది. ర్యాంకు పద్ధతిలో మీ ప్రాజెక్టులనీ సర్టిఫికెట్లనీ చూసేవాళ్లే ఉండరు, కాబట్టి ఆ దారిలో వెళ్లాలనుకుంటే వాటి గురించి ఆలోచించడం కూడా దండగ.

బ్రిటన్‌లో యూక్యాస్ అనే ఉమ్మడి అప్లికేషన్ వ్యవస్థ ద్వారా ఒక ఏడాదిలో ఐదు కోర్సుల వరకు పెట్టుకోవచ్చు, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ రెండింటికీ ఒకే ఏడాది అప్లై చేయడం కుదరదు, వాటి గడువు అక్టోబర్ 15, మిగతావాటి గడువుల కన్నా చాలా ముందు. అక్కడ కండిషనల్ ఆఫర్ అనే పద్ధతి ఉంటుంది: ఫైనల్ పరీక్షల్లో ఇన్ని గ్రేడ్లు తెచ్చుకుంటే సీటు నీదే అని ముందే చెబుతారు. కేంబ్రిడ్జ్ కంప్యూటర్ సైన్స్ కనీస ఆఫర్ ఏ-లెవెల్లో రెండు ఏ స్టార్లు (అన్నిటికన్నా పై గ్రేడు), ఒక ఏ. పర్సనల్ స్టేట్‌మెంట్ 2026 ప్రవేశాల నుంచి మూడు ప్రశ్నల రూపంలోకి మారింది, మూడూ కలిపి 4,000 అక్షరాలు దాటకూడదు: ఈ కోర్సు ఎందుకు, మీ చదువు దీనికి మిమ్మల్ని ఎలా సిద్ధం చేసింది, చదువు బయట ఏం చేశారు. పాత నమూనాలు చూసి ఒకే పెద్ద వ్యాసం రాసి పెట్టుకున్నవాళ్లు దాన్ని మళ్లీ విడదీసుకోవాలి.

అమెరికాలో మొత్తం మనిషిని చూస్తాం అంటారు, నిజంగానే చూస్తారు: స్కూల్ మార్కులు, తీసుకున్న సబ్జెక్టుల బరువు, ఎస్సేలు, టీచర్ల లేఖలు. ఎస్ఏటీ అనే ప్రవేశ పరీక్ష విషయంలో ఒక్కో చోట ఒక్కో నియమం. ఎంఐటీ కోవిడ్ కాలంలో ఆపేసి 2022లో మళ్లీ తప్పనిసరి అని ప్రకటించింది, కాలిఫోర్నియా యూనివర్సిటీ క్యాంపస్‌లు అసలు ఆ స్కోరు చూడనే చూడవు. అక్కడ ముఖ్యంగా జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి ఉంది. యూనివర్సిటీలో సీటు రావడం, కంప్యూటర్ సైన్స్ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) రావడం చాలా చోట్ల రెండు వేరు వేరు విషయాలు. "ముందు ఏదో ఒక బ్రాంచిలో చేరి తర్వాత మారదాం" అనే ఆలోచన సియాటిల్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీ లాంటి చోట ప్రమాదకరం, అక్కడ కంప్యూటర్ సైన్స్ సీట్లలో ఎక్కువ భాగం హైస్కూల్ నుంచి నేరుగా ఆ మేజర్‌కే ఎంపికైనవాళ్లకి వెళ్తాయి. ఇల్లినాయ్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌ని భాషాశాస్త్రంతోనో సంగీతంతోనో కలిపి ఇచ్చే డిగ్రీలున్నాయి. ఇంకో సబ్జెక్టు మీద నిజమైన ఇష్టం ఉన్నవాళ్లకి అవి చాలా మంచివి, సీటు కోసం ఇష్టం నటించేవాళ్లకి నాలుగేళ్లు భారమవుతాయి.

జర్మనీలో చాలా యూనివర్సిటీల్లో ఇన్ఫర్మాటిక్ (కంప్యూటర్ సైన్స్‌కి వాళ్ల పేరు) కోర్సుకి సీట్ల పరిమితి ఉండదు, అర్హత ఉంటే చేర్చుకుంటారు. ఆ అర్హత దగ్గరే మనకి మెలిక. బయటి దేశాల పన్నెండో తరగతి అన్నిసార్లూ వాళ్ల స్కూల్ ఫైనల్‌కి సమానంగా లెక్కకి రాదు, అప్పుడు స్టూడియెన్‌కొలెగ్ అనే ఏడాది సన్నాహక కోర్సు చేయాలి, కంప్యూటింగ్ వాళ్లది టీ-కోర్సు, అంటే టెక్నికల్ చదువులకి సిద్ధం చేసేది. భారతీయ విద్యార్థులకి ఏపీఎస్ సర్టిఫికెట్ (చదువు కాగితాలు సరైనవని ధ్రువీకరించేది) కూడా కావాలి. లోపలికి వెళ్లడం తేలిక అని సంబరపడకండి, అక్కడ వడపోత మొదటి ఏడాది మ్యాథ్స్ పరీక్షల్లో జరుగుతుంది. ఒక తప్పనిసరి పరీక్షకి ఇచ్చే అవకాశాలు చాలా చోట్ల మూడే, మూడోసారీ తప్పితే ఆ కోర్సు నుంచి బయటికి పంపేస్తారు.

కనీస అర్హతకీ నిజంగా సీటు వచ్చే స్థాయికీ మధ్య దూరం గురించి కూడా చెప్పాలి. వెబ్‌సైట్‌లో "కనీసం" అని రాసి ఉన్నది అప్లికేషన్ తెరిచి చదవడానికి షరతు మాత్రమే. డిమాండ్ ఎక్కువున్న కోర్సుల్లో చేరినవాళ్ల మార్కులు దానికి చాలా పైన ఉంటాయి. గత ఏడాది చేరినవాళ్ల మార్కులు, క్లోజింగ్ ర్యాంకులు ఎక్కడ ప్రకటిస్తే అక్కడ వాటినే చూడండి. మీ జాబితాలో పైన రెండు, మీ స్థాయికి సరిపోయేవి రెండు మూడు, ఖచ్చితంగా వచ్చేది ఒకటి ఉండేలా చూసుకోండి. ఆ ఖచ్చితంగా వచ్చేది కూడా మీరు సంతోషంగా చదవగలిగేదై ఉండాలి, ఊరికే నింపడానికి పెట్టకండి.

సర్టిఫికెట్ల సంగతికి వద్దాం. అప్లికేషన్లు చదివే చోట నేను చూసినంతలో, పది వీడియో కోర్సుల సర్టిఫికెట్లు జత చేసిన పిల్లలకి వాటివల్ల ఒరిగిందేమీ లేదు. వీడియోలు చూసి, క్విజ్‌లు కొడితే అవి వచ్చేస్తాయని చదివేవాళ్లకి తెలుసు. అదే ఒక చిన్న పని మొదలుపెట్టి పూర్తిచేసి, అందులో ఏం ఆలోచించారో రాస్తే చదివే కళ్లు ఆగుతాయి. సుడోకు పరిష్కరించే ప్రోగ్రాం రాశారనుకోండి. మొదట అన్ని అంకెలూ వరసగా ప్రయత్నించేలా రాశారు, కష్టమైన పజిల్ ఇస్తే ఎంతకీ తేలలేదు, ఎందుకని కూర్చుని ఆలోచిస్తే తక్కువ అవకాశాలున్న గడిని ముందు నింపితే వెతకాల్సిన కొమ్మలు విపరీతంగా తగ్గుతాయని తట్టింది, మార్చి చూస్తే వెంటనే తేలింది. ఇలాంటి ఒక్క పేరా, మీ సొంత మాటల్లో, పది సర్టిఫికెట్లకన్నా ఎక్కువ చెబుతుంది. "చిన్నప్పటి నుంచి కంప్యూటర్లంటే పిచ్చి" అని మొదలుపెట్టకండి, దయచేసి. ఆ వాక్యం వేలమంది రాస్తారు.

అలాగని కోడింగ్ అసలు ముట్టుకోవద్దని నేను అనడం లేదు. వారానికి మూడు నాలుగు గంటలు చాలు. హార్వర్డ్ వాళ్ల సీఎస్50 కోర్సు ఉచితం, స్క్రాచ్ అనే బొమ్మల భాషతో మొదలై సీ మీదుగా పైథాన్ దాకా వెళ్తుంది, అందులో వీడియోల కన్నా ప్రాబ్లం సెట్లే అసలు సరుకు. దాన్ని చేయడానికి ఇంకో కారణం కూడా ఉంది, అప్లికేషన్‌కి సంబంధం లేనిది: ఈ పని మీకు నచ్చుతుందో లేదో నాలుగేళ్లు, అంత డబ్బు పెట్టకముందే తెలుస్తుంది. ఒక సెమీకోలన్ తప్పు కోసం సాయంత్రమంతా వెతికి, దొరికాక చిరాకు బదులు ఇంకోటి రాద్దామనిపిస్తే, ఈ చదువు మీకు పడుతుంది.

ఇంగ్లిష్, కాగితాలు: బయటి దేశాలకైతే ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష స్కోరు రెండేళ్లే చెల్లుతుంది, మరీ ముందుగా రాసేయకండి. కేంబ్రిడ్జ్ మొత్తం మీద 7.5, ప్రతి విభాగంలో 7 అడుగుతుంది, చాలా యూనివర్సిటీలు దీనికన్నా తక్కువే అడుగుతాయి. పాస్‌పోర్టులో పేరు, మార్కుల మెమోలో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇవాళే చూడండి, ఇంటిపేరు ఒకచోట పొట్టిగా, ఒకచోట పూర్తిగా ఉంటే సరిచేయించడానికి నెలలు పట్టొచ్చు.

చివరిగా, మ్యాథ్స్ మీద ఎంత కష్టపడ్డా అనుకున్నంత రాకపోతే ఏమిటన్నారు. దారులున్నాయి. బ్రిటన్‌లో ఫౌండేషన్ ఇయర్‌తో కలిపిన డిగ్రీలున్నాయి, ఆ ఏడాదిలో కావలసిన మ్యాథ్స్ నేర్పి పైకి పంపుతారు. 1969లో మొదలైన ఓపెన్ యూనివర్సిటీ చాలా డిగ్రీలకి ముందస్తు అర్హతలే అడగదు. ఐఐటీ మద్రాస్ డేటా సైన్స్ బీఎస్ డిగ్రీకి జేఈఈ అక్కర్లేదు, పన్నెండులో ఏ గ్రూపైనా పర్వాలేదు, పదో తరగతిలో మ్యాథ్స్, ఇంగ్లిష్ చదివి ఉండాలి. నాలుగు వారాల పాఠాలు వాళ్లే చెప్పి, వాటి మీద క్వాలిఫయర్ పరీక్ష పెడతారు, నేర్చుకోగలరా అన్నది అక్కడే తేలుతుంది. డిగ్రీ వేరే సబ్జెక్టులో చేసి తర్వాత రావడం కూడా ఉంది: బ్రిటన్‌లో కన్వర్షన్ ఎంఎస్సీలు సరిగ్గా అలాంటివాళ్ల కోసమే, మన ఎంసీఏ 2020-21 నుంచి రెండేళ్లకి తగ్గింది. అయితే ఎంసీఏకి కూడా చాలా చోట్ల ఇంటర్‌లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ ఉండాలంటారు. మీకు ఇంటర్‌లో అది ఉంది కాబట్టి ఆ తలుపు ఇప్పటికే తెరిచే ఉంది. పైన చెప్పిన టీఎంయూఏ రెండో పేపర్ పాతది ఒకటి ఈ ఆదివారం టైము పెట్టుకుని రాయండి, ఎన్ని వచ్చాయో, ఎక్కడ ఆగిపోయారో రాస్తే ఏయే చాప్టర్ల నుంచి మొదలుపెట్టాలో చెప్తాను.